ఊరి రేడియో - పాత పాటలు

2024 ఫిబ్రవరి మొదటి వారములో అమెరికాలోని అలబామా రాష్ట్రమునుండి ఒక వింత వార్త వెలువడినది. జాస్పర్ అనునది ఆ రాష్ట్రమున, ఒకప్పుడు బొగ్గు గనులకు పేరుపడిన ప్రాంతములోని చిన్న పట్టణము. జనసంఖ్య పదునైదు వేలకు లోపే. అచటి రేడియో కేంద్రమువారి ప్రసార స్తంభము ఊరికి దూరముగా చెట్ల నడుమ నుండెడిది. దాని చుట్టును పెరిగిన తుప్పలను కొట్టుటకు వెళ్ళిన పనివారు కేంద్రమునకు ఫోను చేసి, ఇక్కడ స్తంభమే లేదని చెప్పిరట. రెండువందల అడుగుల ఉక్కు స్తంభము! ప్రక్కనున్న చిన్న గదిలోని యంత్రమును లేదు. దొంగ చంకనబెట్టుకొని పోవుటకు అది పెరటిలోని రాగిబిందె కాదు గదా యని వినినవారెల్లరు ఆశ్చర్యపడిరి. కొందరు నవ్విరి. కొందరు నమ్మనే లేదు. స్తంభము ఎట్లు పోయినది, ఎన్నడు పోయినది అను విషయమున పిమ్మట సందేహములును బయలుదేరినవి.

ఆ విచారణతో మనకు నిమిత్తము లేదు. పోయిన స్తంభము ఎట్టి కేంద్రమునకు చెందినదో అది మాత్రము గమనింపదగినది. డబ్ల్యు.జె.ఎల్.ఎక్స్. అను పేరుగల ఆ కేంద్రము పాత పాటల కేంద్రము. ‘ఓల్డీస్’ అని అమెరికనులు ముద్దుగా పిలుచుకొను పాటలే దాని జీవనాధారము.

ఆ కేంద్రమునకు రెండు గొంతులుండెడివి. ఒకటి 1240 కిలోహెర్ట్జులపై పలుకు ఏ.ఎమ్. గొంతు, రెండవది ఊరివరకు మాత్రము వినవచ్చు చిన్న ఎఫ్.ఎమ్. గొంతు. స్తంభము పోయినది మొదటిదానికే. రెండవ యంత్రము చెక్కుచెదరక యున్నది. వినువారిలో పెక్కురు దానినే వినుచుండిరి. అయినను వారము తిరుగకుండనే పాట ఆగిపోయినది. కారణము చట్టము. అట్టి చిన్న ఎఫ్.ఎమ్. యంత్రమునకు స్వతంత్ర ప్రతిపత్తి లేదు. మూలకేంద్రము పలికినదానిని మరల పలుకుటకు మాత్రమే దానికి అనుమతి. మూలము మూగవోయిన పిమ్మట అనుసారి పాడరాదు. తాత్కాలికముగనైనను అనుమతింపుడని కేంద్రమువారు వేడుకొనిరి గాని, రేడియో వ్యవహారములను పరిపాలించు ఫెడరల్ కమ్యూనికేషన్స్ కమిషన్ అంగీకరింపలేదు. అంతట ఆ పాటలు ఇంటర్నెట్టునందు మాత్రము వినబడసాగినవి.

రెండువందల అడుగులే ఏల, నూరడుగుల స్తంభము చాలదా యని విద్యార్థులు అడుగవచ్చును. ఎఫ్.ఎమ్. కేంద్రమునందు స్తంభము వట్టి నిచ్చెన. దాని కొనకు కట్టిన చిన్న పరికరమే ప్రసారము చేయును. ఏ.ఎమ్. కేంద్రమునందు అట్లు కాదు; స్తంభమే ప్రసారము చేయును. నిలువెల్లను అది విద్యుత్తుతో కంపించును. అందుచేత దాని పొడవు తరంగపు పొడవుతో కుదురవలెను. రేడియో తరంగము సెకనుకు మూడు లక్షల కిలోమీటర్లు పోవును. 1240 కిలోహెర్ట్జులనగా సెకనుకు 12 లక్షల 40 వేల కంపనములు. మొదటిదానిని రెండవదానిచే భాగించిన తరంగపు పొడవు 242 మీటర్లు వచ్చును. అందు నాల్గవవంతు అరువది మీటర్లకు కొంచెము హెచ్చు. అడుగులలో చెప్పవలెనన్న ఇంచుమించు రెండువందలు. జాస్పరులో మాయమైనది ఈ నాల్గవవంతే. ఇదిగాక స్తంభము మొదటినుండి చక్రపు ఆకులవలె నలువైపులకు రాగితీగలు భూమిలో పాతియుండును, సాధారణముగా 120. చెట్టునకు వేళ్ళెట్టివో స్తంభమునకు ఈ తీగలట్టివి. రాగి ధర పెరిగినపుడెల్ల వీనికి దొంగల భయము కలదు. ఆ తీగలు పరచిన ఎకరముల నేలకు ఊరు పెరిగినకొలది ధర పెరుగును. పాటలు వినిపించుటకన్న స్థలమును అమ్ముకొనుట లాభకరమని తోచును. స్తంభములను ఈ దేశములో దొంగలకన్న భూమి బేరమే ఎక్కువగా పడగొట్టినది.

1240 అను సంఖ్యకు మరియొక విశేషము గలదు. చిన్న ఊళ్ళ కేంద్రములకై అమెరికా ప్రభుత్వము ఆరు స్థానములను ప్రత్యేకించినది: 1230, 1240, 1340, 1400, 1450, 1490. ఈ ఆరింటిపైననే దేశమంతటను వందలకొలది కేంద్రములు ఇరుకుకొని యున్నవి. వీని బలము వేయి వాట్లకు మించరాదు. అనగా మన ఇంటి ఇస్త్రీపెట్టె కాల్చునంత విద్యుత్తు. పగటివేళ దీనితో ఊరును, చుట్టుప్రక్కల పల్లెలును చక్కగా వినవచ్చును. పొద్దుగ్రుంకిన పిమ్మట కథ మారును. పగలు సూర్యరశ్మివలన ఆకాశమందు ఏర్పడు ఒక పొర మధ్యమ తరంగములను పైకెగయనీయక మ్రింగివేయును. రాత్రి ఆ పొర కరగిపోవుటచే తరంగములు ఇంకను పైనున్న పొరలను తాకి, అద్దమునుండి వెలుగువలె మరలి, వందల మైళ్ళ దూరమున నేలకు దిగును. మన మీడియం వేవు రేడియోలలో రాత్రులందు దూరపు కేంద్రములు వినవచ్చుటకును ఇదే హేతువు. ఏబదివేల వాట్ల మహాకేంద్రములకు ఇది వరము. చిన్నవారికి శాపము, వందమంది ఒక్కమారుగా గొణిగిన చప్పుడు తప్ప ఏమియు తెలియదు. అందుచేతనే ఈ ఆరు స్థానములకు రేడియో ఉద్యోగులు ‘శ్మశానములు’ అని పేరుపెట్టిరి.

ఇవిగాక మరికొన్ని చిన్న కేంద్రములకు పగటివేళ మాత్రమే పలుకుటకు అనుమతి. వాని లైసెన్సు కాగితముపైననే నెలనెలకును సూర్యాస్తమయవేళ వ్రాసియుండును. వేసవిలో రాత్రి ఎనిమిదింటివరకు పాడిన కేంద్రము డిసెంబరులో అయిదింటికే సెలవు పుచ్చుకొనవలెను. కోడి కూసిన నిద్ర లేచి, పక్షులు గూటికి చేరువేళకు నోరు మూసికొను రేడియో కేంద్రము! మన పల్లెలలోని పాతకాలపు పెద్దల దినచర్య ఇదియే గదా.

ఇన్ని చిన్న కేంద్రములు ఎట్లు పుట్టినవి? 1920 నవంబరు 2వ తేదీన పిట్స్‌బర్గ్ నగరమున కె.డి.కె.ఎ. కేంద్రము అధ్యక్ష ఎన్నికల ఫలితములను ప్రసారము చేయుటతో ఆ దేశమున రేడియో వ్యాపారము మొదలైనదని సాధారణముగా చెప్పుదురు. తరువాతి పాతికేండ్లును రేడియో నగరముల సొత్తు. నాటకములు, వాద్యబృందములు, హాస్యకథలు న్యూయార్కునుండి తంతిమీద వచ్చును. ఊళ్ళలోని కేంద్రములు వానిని అందించును. రెండవ ప్రపంచయుద్ధము ముగియగానే లైసెన్సుల జాతర సాగినది. 1945లో వేయికి లోపుగానున్న ఏ.ఎమ్. కేంద్రములు 1950 నాటికి రెండు వేలు దాటినవి. సైన్యమున వైర్‌లెస్ పని నేర్చి వచ్చిన యువకులకును, పత్రిక నడిపి చేయితిరిగిన ఊరి పెద్దలకును ఇది అందుబాటు వ్యాపారమైనది. ఒక గది, ఒక స్తంభము, రెండు గ్రామఫోను పళ్ళెములు ఉన్న చాలును.

ఇంతలో టెలివిజన్ వచ్చినది. నాటకములును హాస్యగాండ్రును దానివెంట పోయిరి. న్యూయార్కు తంతి మూగవోయినది. ఊరి కేంద్రమునకు మిగిలినవి రెండే: రికార్డులు, వానిని వేయు మనిషి. రేడియో చచ్చినదని పెద్దలు తీర్మానించిన ఆ వేళనే 1954లో టెక్సాసునుండి ట్రాన్సిస్టర్లతో చేసిన జేబు రేడియో అంగడికి వచ్చినది. గదిలోని బల్లమీదినుండి రేడియో బాలుని చొక్కా జేబులోనికి, తలగడక్రిందికి మారినది. ఓమహా నగరమున టాడ్ స్టార్జ్ అను యువకుడు, జనము మెచ్చిన కొద్ది పాటలనే మరల మరల వేసి తన కేంద్రమును ముందుకు తెచ్చెను. హోటలులోని జూక్‌బాక్సులో జనము డబ్బు వేసి వేసి ఒకే పాటను వినుచుండుట చూచి అతనికి ఈ ఊహ తట్టినదని చెప్పుకొందురు. తట్టిన తీరు ఏదియైనను ఆ పద్ధతి దేశమంతటను పాకినది.

అయితే చిన్న ఊరి రేడియోను పాటల పెట్టెగా మాత్రము తలచిన పొరపాటు. దాని దినచర్యను చూడుడు. తెల్లవారుజామున మొదటిమాట వాతావరణము. మంచు కురిసినచో ఆ దినమున ఏయే పాఠశాలలు మూసిరో ఆ పట్టిక. దుప్పటిలోనుండి చెవి మాత్రము వెలికిపెట్టి తమ బడి పేరు వచ్చునా రాదా యని బాలురు ఊపిరి బిగబట్టి వినెడివారు. ఉపాధ్యాయులును అంతకు తక్కువ ఆత్రముతో వినలేదని వేరుగ చెప్పనక్కరలేదు. ప్రొద్దెక్కిన పిమ్మట మృతుల వార్తలు: ఎవరు పోయిరి, అంత్యక్రియ ఏ చర్చిలో, ఏ వేళకు. ఆ పిమ్మట బేరముల వేళ. ఇంటిలోని పాత మంచము, రెండు పిల్లులు, పనిచేయుచున్న ట్రాక్టరు - ఎవరికేమి అమ్మవలెనో వారు ఫోనుచేసి చెప్పుట, వలసినవారు వెంటనే ఫోను చేయుట. మధ్యాహ్నము పశువుల ధరలు, మొక్కజొన్న ధర. శుక్రవారము రాత్రి హైస్కూలు ఫుట్‌బాల్ పోటీ. ఆదివారము చర్చి ప్రార్థన. తప్పిపోయిన కుక్క గుర్తులు ఏ వేళనైనను.

వీని నడుమనే పాటలు. వానిని వేయువాడు ఉదయము అనౌన్సరు. మధ్యాహ్నము అంగళ్ళకు తిరిగి ప్రకటనలు అడుగువాడు. సాయంకాలము గది ఊడ్చువాడు. అతని గొంతు తెలియనివారు ఊరిలో లేరు. అతడు ఒక పాట వేసిన, అది ఎవరి పెండ్లినాటి పాటయో, ఏ కుర్రవాడు సైన్యమునకు పోవుచు అడిగిన పాటయో వినువారిలో కొందరికైనను తెలియును. పాట ఎక్కడనో లాస్ ఏంజెలీసులో ముద్రింపబడినదే. ఊరిలో పదిమార్లు తిరిగి ఊరిదైనది.

పాత పాటలకు ప్రత్యేకముగ ఒక పూట కేటాయించుట ఎక్కడ మొదలైనదో ఖండితముగ చెప్పుట కష్టము. ‘ఓల్డీస్’ అను మాట స్థిరపడుటకు మాత్రము ఆర్ట్ లబో అను అనౌన్సరును తలపవలసియున్నది. ఆర్మీనియా దేశపు వంశమున 1925లో యూటా రాష్ట్రమునందు పుట్టి, యుద్ధకాలమున 1943లో శాన్ ఫ్రాన్సిస్కోలో మైకు ముందు కూర్చుండిన మనిషి. 1950 తరువాత లాస్ ఏంజెలీసులోని ఒక భోజనశాల ముంగిటినుండి అతడు ప్రసారము చేయుచుండెను. కార్లలో వచ్చిన పడుచువారు, ఈ పాట ఫలానావారికై వేయుడని అడిగెడివారు. వారు కొత్త పాటలను గాక నాలుగైదేండ్ల క్రిందటి పాటలను కోరుట అతడు గమనించెను. అట్టివానిని ఏర్చి కూర్చి 1959లో ‘ఓల్డీస్ బట్ గుడీస్’ అను పేరుతో ఒక పెద్ద రికార్డును వెలువరించెను. మూడేండ్లకు పైగా అది అమ్మకపు పట్టికలయందు నిలిచినది. ఇరువదియేండ్లవానికి నాలుగేండ్ల క్రిందటిది పాతకాలము; ‘పాత’ అను మాట పాటకు సంబంధించినది కాదు, విను చెవికి సంబంధించినదని దీనివలన తెలియుచున్నది.

అతని నృత్యసభల సంగతియు చెప్పవలెను. లాస్ ఏంజెలీసు నగరములో పదునెనిమిదేండ్లు నిండని వారి నృత్యములపై నిర్బంధములుండుటచే అతడు పొలిమేర దాటి ఎల్ మాంటే అను చిన్న ఊరిలో సభలు జరిపెను. తెల్లవారు, నల్లవారు, మెక్సికను కుటుంబములవారు ఒక్క కప్పుక్రింద ఆడిపాడిరి. ఆ రోజులలో అది సామాన్యము కాదు.

ఊరు పేరు, మనిషి పేరు చెప్పి పాటను అంకితము చేయుట మనకు క్రొత్త కాదు. విజయవాడ ఆకాశవాణి కేంద్రము 1948లో వెలసినది. వివిధభారతి 1957లో మొదలైనది. శ్రోతలు కోరిన పాటల వేళ కార్డులు వ్రాసినవారి పేర్లు చదువుచుండగా తమ ఊరి పేరు వచ్చెనని వీధియంతయు మురిసిన రోజులను పెద్దలు మరువలేదు. మనకును వారికిని భేదమొకటి. మన మీడియం వేవు ప్రభుత్వపు సొత్తు. దానిపై ప్రైవేటు కేంద్రములకు తావు లేకపోయినది. కావున మన తాలూకా కేంద్రములలో ఊరి కిరాణా వర్తకుని ప్రకటనలతో బ్రదికిన రేడియో ఎన్నడును లేదు. అమెరికా చిన్న ఊరికి ఉండినది.

1961లో ఎఫ్.ఎమ్. కేంద్రములకు స్టీరియో ప్రసారము అనుమతింపబడినది. ఎఫ్.ఎమ్. మేలు ఏమనగా, ఏ.ఎమ్. పద్ధతిలో ధ్వని తరంగపు ఎత్తులో దాగియుండును. మెరుపు, మోటారు, దీపము పుట్టించు అలజడియు ఎత్తునే మార్చును గాన రెండును కలిసి వినబడును. ఎఫ్.ఎమ్. పద్ధతిలో ధ్వని కంపనసంఖ్యలో దాగును. అలజడి దానిని అంతగా అంటదు. 1970 తరువాతి దశాబ్దము ముగియువేళకు వినువారిలో ఎక్కువమంది ఎఫ్.ఎమ్. వైపు చేరిరి. క్రొత్త పాటలును అటే పోయినవి. ఏ.ఎమ్. కేంద్రమునకు మిగిలిన దారులు: మతబోధ, వాదోపవాదములు, పాత పాటలు. 1973లో ‘అమెరికన్ గ్రఫీటీ’ అను చిత్రము ఒక చిన్న పట్టణమున 1962 నాటి ఒక రాత్రిని, ఆనాటి కార్లను, ఆ కార్లన్నిటియందును మ్రోగుచున్న ఒకే రేడియోను తెరపై చూపినది. పాత పాటలమీద దేశమునకు మరల మోజు కలుగుటకు అదియు దోహదమైనది.

చిన్న ఏ.ఎమ్. కేంద్రము పాత పాటలను చేపట్టుట వట్టి గత్యంతరము లేకపోవుటచేత మాత్రము కాదు, పొత్తు కుదిరినది. ఏ.ఎమ్. ప్రసారమున, అందులోను చౌక రేడియోలయందు, హెచ్చు స్థాయిలు అణగిపోవును. తాళపు తళుకు, వీణెల సన్నదనము నిలువవు. 1980 నాటి పాటను అందులో వినిన గొంతు పట్టినట్లుండును. అయితే 1958 నాటి పాట ఆ చిన్న స్పీకరును మనసున నుంచుకొనియే ముద్రింపబడినది. గొంతు ముందు, తాళము వెనుక, మూడు నిమిషములలోపున ముగింపు. డెట్రాయిటులోని మోటౌన్ సంస్థవారు తమ పాటలను కారు రేడియో స్పీకరు వంటిదానిలో విని సరిచూచుట వాడుకగా నుండెడిది. ఆ పాటలకు ఏ.ఎమ్. రేడియో పుట్టినిల్లు, ఎఫ్.ఎమ్. నందు వినిన కొన్నింటికి ఏదో కొరత తోచుననువారి మాటలో కొంత నిజము లేకపోలేదు.

రెండవ పొత్తు వ్యాపారమునకు సంబంధించినది. పెద్ద ప్రకటనల ఏజెన్సీలు 25 మొదలు 54 ఏండ్లవారినే లెక్కించును. ఏబదియైదవ పుట్టినదినమున శ్రోత వారి దృష్టిలో చచ్చినవానితో సమానము. న్యూయార్కులో 1972నుండి పాత పాటలు వినిపించుచుండిన డబ్ల్యు.సి.బి.ఎస్. ఎఫ్.ఎమ్. కేంద్రము 2005 జూన్ 3వ తేదీన హఠాత్తుగ వానిని మానివేసినది. శ్రోతలు గగ్గోలు పెట్టిరి. రెండేండ్లకు, 2007 జూలైలో, పాటలు తిరిగివచ్చినవి గాని కాలము ముందుకు జరిగినది. 1950 నాటివి చాలవరకు వెనుకబడినవి. పట్టణములలో ‘ఓల్డీస్’ అను మాటయే చెల్లక ‘క్లాసిక్ హిట్స్’ అను మారుపేరు వాడుకలోనికి వచ్చినది. ముసలితనము పాటకైనను దాచవలసినదే కాబోలు!

చిన్న ఊరి వర్తకుడు ఈ లెక్కలు ఎరుగడు. మందుల అంగడివానికి, ఇనుప సామాను వర్తకునికి, అంత్యక్రియలు జరిపించు సంస్థవానికి అరువదేండ్ల మనిషియే ముఖ్యము. ఆ మనిషి ప్రాయములో వినిన పాట వేసి, దాని చివర తన అంగడి పేరు చెప్పిన చాలునని అతని ఎరుక. నగరము వెలివేసిన పాటలను ఊరు ఆదరించినది ఈ వర్తకుని డబ్బుతోనే.

ఆ వర్తకుడు నిలువలేకపోయెను. ఊరి వెలుపల పెద్ద సంస్థల మహావిపణులు వెలసినవి. వారి ప్రకటనలు ఊరి రేడియోకు రావు. ఇనుప సామాను అంగడి మూతబడినది. మందుల అంగడి ఒక పెద్ద గొలుసులో చేరినది. రేడియోకు రాబడి సన్నగిల్లినది. ఈ సమయముననే ఉపగ్రహము ఆదుకొనుటకు వచ్చినది. 1981లో డల్లాసునందు శాటిలైట్ మ్యూజిక్ నెట్‌వర్క్ అను సంస్థ వెలసి, పాటలను అనౌన్సరుతో సహా ఇరువదినాలుగు గంటలును ఆకాశమునుండి దింపుట మొదలిడినది. ఊరి కేంద్రమున ఒక పళ్ళెపు ఆంటెన్నా యున్న చాలు. ఆ దూరపు గొంతు నడుమ నడుమ ఆగును. ఆ సందులో యంత్రము దానంతట అదే ఊరి పేరును, ఊరి ప్రకటనను పలుకును. వినువారికి తమ ఊరిలోనే ఎవరో కూర్చుండి పాటలు వేయుచున్నట్లు తోచును. పాట మునుపటికన్న స్వచ్ఛము. అనౌన్సరు మునుపటికన్న నిపుణుడు. కుర్చీ మాత్రము ఖాళీ.

ఉపగ్రహమును దూషించుట సులభము. అది లేనిచో ఆ కేంద్రములలో పెక్కు 1990 నాటికే మూతబడియుండెడివి గదా. ఒక్క మనిషి జీతము లేకుండ పాట సాగుననిన, అప్పులలోనున్న యజమాని కాదనునా? అయినను అంతట ఆగలేదు. 1996 నాటి టెలికమ్యూనికేషన్స్ చట్టము, దేశమంతటను ఒక సంస్థకు ఎన్ని కేంద్రములుండవచ్చునను పరిమితిని తొలగించినది. పెద్ద సంస్థలు వందలకొలది కేంద్రములను కొని, ఒక్కొక్క ఊరిలోని కేంద్రములన్నిటిని ఒక్క కప్పు క్రిందికి చేర్చినవి.

2002 జనవరి 18వ తేదీ రాత్రి ఒంటిగంట దాటిన పిమ్మట ఉత్తర డకోటా రాష్ట్రమున మైనాట్ పట్టణము చెంత ఒక గూడ్సు రైలు పట్టాలు తప్పినది. అందలి పీపాలు పగిలి అమ్మోనియా వాయువు మేఘమువలె ఊరిపై క్రమ్మినది. ఇండ్ల తలుపులు తెరువరాదు, వెలికి రారాదు. ఈ మాటను ఊరికి చెప్పవలెను. ఆ ఊరిలోని ఆరు వాణిజ్య రేడియో కేంద్రములును అప్పటికి ఒకే సంస్థ చేతిలోనుండెను. అందు అపాయసమయములకై నియమితమైన ఏ.ఎమ్. కేంద్రమునకు పోలీసులు ఫోను చేసిరి, సమాధానము రాలేదు. హెచ్చరిక యంత్రమును పోలీసులు సరిగా అమర్చుకొనలేదని సంస్థవారు, ఫోను ఎత్తు దిక్కులేదని ఊరివారు తరువాత వాదించుకొనిరి. రెండును కొంత కొంత నిజమే కావచ్చును. ఒకరు మరణించిరి, వందలమంది వాయువుచే బాధపడిరి. ఆ వాదము వాషింగ్టనులోని శాసనసభ్యుల చెవివరకు పోయి, ఒకరి చేతిలో ఇన్ని కేంద్రములుండుట మంచిదా యను చర్చకు ఉదాహరణమైనది.

2023లో మరియొక చిక్కు తలయెత్తినది. విద్యుత్ కార్ల మోటారు పుట్టించు అలజడి ఏ.ఎమ్. ప్రసారమును చెరచుననుచు కొందరు కార్ల నిర్మాతలు ఆ రేడియోనే తీసివేయసాగిరి. చిన్న కేంద్రమునకు కారులోని శ్రోత పోయిన మిగులునది స్వల్పము. ప్రతి కారులోను ఏ.ఎమ్. రేడియో ఉండవలెనను బిల్లు ఆ ఏడాది మే నెలలో అమెరికా కాంగ్రెసులో ప్రవేశపెట్టబడినది. ఫోర్డు సంస్థ తన నిర్ణయమును మార్చుకొని 2024 నాటి కార్లలో దానిని ఉంచెదమని ప్రకటించినది. తుఫాను వేళ ఊరి మాట వినుటకు ఏ.ఎమ్. అవసరమని బిల్లును కోరినవారు వాదించిరి. న్యాయమే, కాని ఆ వేళ పలుకుటకు కేంద్రములో మనిషి యుండవలెనని ఏ కారు చట్టము శాసింపగలదు?

పాటలు పాడినవారి మాటయు తలపవలెను. అమెరికాలో ఏ.ఎమ్., ఎఫ్.ఎమ్. రేడియోలు పాట వ్రాసినవానికి ప్రతిఫలము చెల్లించును, పాడినవానికి చెల్లింపవు. పదునెనిమిదవ ఏట ఒక పాట పాడి, జీవితమంతయు ఆ పాటను రేడియోలో వినుచు, ఒక్క సెంటు ముట్టక ముసలివారైన గాయకులు కలరు. 2021లో ప్రతిపాదింపబడిన ఒక బిల్లు ఈ అన్యాయమును సవరింపజూచి, చిన్న కేంద్రములకు మాత్రము ఏడాదికి 500 డాలర్ల స్వల్పరుసుమును సూచించినది. ఒకవైపు బీద గాయకుడు, మరియొకవైపు బీద కేంద్రము. ఒకరి పాటతో మరియొకరు బ్రదికిరి. ఇరువురిలో ఎవరును బాగుపడలేదు.

1978లో అల్ హామ్ అను సంగీత నిర్మాత, పెద్ద వాద్యబృందముల కాలపు పాటలను ‘మ్యూజిక్ ఆఫ్ యువర్ లైఫ్’ అను పేరుతో చిన్న ఏ.ఎమ్. కేంద్రములకు అందించెను. ఆనాటి అరువదేండ్లవారికి అది అమృతమైనది. ఆ శ్రోతలతోనే ఆ కేంద్రములును క్రమముగ సన్నగిల్లినవి. 1955 నాటి పాటల వంతు ఇప్పుడు వచ్చినది. ఏ పాటకైనను కడపటి శ్రోతకు ముందే కడపటి కేంద్రము పోవుచున్నది.

ఆర్ట్ లబో తొంబదేండ్లు దాటియు మైకు విడువలేదు. కాలిఫోర్నియా, ఆరిజోనా, నెవాడా రాష్ట్రములలోని ఊళ్ళలో రాత్రులందు అతని గొంతు వినబడుచుండెను. అతనికి ఫోను చేయువారిలో కారాగారములలోనున్నవారి భార్యలు, తల్లులు, బిడ్డలు పెక్కురు. చెరసాల గోడకు రేడియో తరంగము అడ్డుపడదు గదా. ఒకమారు ఒక స్త్రీ తన చిన్నబిడ్డను స్టూడియోకు తీసికొని వచ్చెను. ఆ బిడ్డ మైకులో తండ్రికి తన ప్రేమను తెలిపినది. ఖైదులోనున్న ఆ తండ్రి బిడ్డ గొంతు వినుట అదే మొదలట. ఈ సంగతిని లబో తరచు చెప్పుచుండెడివాడు.

2022 అక్టోబరు 7వ తేదీన తొంబదియేడవ ఏట అతడు కన్నుమూసెను. అంతకు కొద్ది దినముల ముందు అతడు ఒక కార్యక్రమమును ముద్రించియుంచెను. 9వ తేదీ ఆదివారము రాత్రి అది యథావేళకు ప్రసారమైనది. పాట అడిగినవారి పేర్లను, ఎవరికై అడిగిరో వారి పేర్లను అతని గొంతు ఒక్కొక్కటిగ చెప్పి, పాట వేసినది.